లారీ బంపరు మీద లైట్లు: కార్బైడు రాయి నుంచి రిలే దాకా

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. మోటారు కారు చరిత్రను అక్కడి నుంచే మొదలుపెడతారు. రెండేళ్లకు, 1888 ఆగస్టులో, ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండిలో పోయింది. నూరు కిలోమీటర్లకు పైగా దూరం. తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడే వేళకు చేరింది. బండి వేగం గంటకు 16 కిలోమీటర్లు. సైకిలు వేగమే అనుకోండి.

ఆ వేగానికి దీపం పెద్ద సమస్య కాదు. అప్పటి గుర్రపు బండ్లకు రెండు పక్కలా కొవ్వొత్తి దీపాలు ఉండేవి. కొవ్వొత్తి కరిగేకొద్దీ కింద ఉన్న స్ప్రింగు దానిని పైకి తోసేది. అవి దారి చూడడానికి పెట్టిన దీపాలు కావు, బండి వస్తోందని ఎదుటివాళ్లకు తెలియడానికి పెట్టినవి. మన ఎద్దుల బండి కింద వేలాడదీసే లాంతరు కూడా అంతే కదా. దారి చూసుకునే పని ఎద్దులదే. బండివాడు నిద్రపోయినా ఎద్దులు ఇల్లు చేర్చేవని మా అవ్వ చెప్తుంది. మోటారు వచ్చినాక ఆ పని మనిషి మీద పడింది. వేగం పెరిగింది, చీకట్లో దూరం చూడాల్సిన అవసరం వచ్చింది. ఈ రోజు లారీ బంపరు మీద, నెత్తిన కనిపించే అదనపు లైట్ల కథ అంతా ఈ అవసరం నుంచి పుట్టిందే.

మొదట కిరసనాయిలు దీపాలు పెట్టి చూసినారు. గతుకుల్లో ఆరిపోయేవి, గాలికి ఆరిపోయేవి. తరువాత వచ్చింది కార్బైడు దీపం. కార్బైడు అంటే మన కృష్ణగిరి జిల్లా వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. మామిడికాయలను తొందరగా మాగబెట్టడానికి మండీల్లో వాడేవాళ్లు, ఇప్పుడు దానికి నిషేధం ఉంది. అదే రాయి. దాని మీద నీళ్లు పడితే అసిటిలిన్ అనే గ్యాసు పుడుతుంది. 1892లో థామస్ విల్సన్ అనే ఆయన అమెరికాలో అల్యూమినియం చేయబోయి, విద్యుత్ కొలిమిలో అనుకోకుండా ఈ కార్బైడును తయారు చేసినాడు. దాంతో అది చౌకగా దొరకడం మొదలైంది.

దీపం పనిచేసే పద్ధతి తేలికే. పైన నీళ్ల డబ్బా, కింద కార్బైడు డబ్బా. చుక్క చుక్కగా నీళ్లు పడతాయి, పుట్టిన గ్యాసు రబ్బరు గొట్టం గుండా ముందున్న దీపానికి పోతుంది. వెనక అద్దం ఉంటుంది. మంట తెల్లగా, చాలా కాంతిగా మండుతుంది. గాలికి, వానకు కిరసనాయిలు దీపం అంత తొందరగా ఆరదు. కానీ డ్రైవరు బండి ఆపి, దిగి, నీళ్లు వదిలి, గ్యాసు వచ్చేదాకా ఆగి, అగ్గిపుల్ల గీయాల. మరుసటి రోజు డబ్బాలో మిగిలిన సున్నపు ముద్దను గోకి పారేయాల. మంచు దేశాల్లో డబ్బాలో నీళ్లే గడ్డ కట్టేవి.

ఈ తిప్పలు చూసి 1904లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ అనే వాళ్లు గ్యాసును సిలిండరులో నింపి అమ్మే కంపెనీ పెట్టినారు. దాని పేరు ప్రెస్టోలైట్. ఇప్పుడు వంట గ్యాసు సిలిండరు మార్చినట్టు అప్పుడు కారు దీపం సిలిండరు మార్చేవాళ్లు. బాగా డబ్బు వచ్చింది, ఆ డబ్బుతోనే ఫిషర్ 1909లో పేరు పొందిన ఇండియానాపోలిస్ రేసు మైదానం కట్టించడంలో ముందు నిలిచినాడు. అయితే అసిటిలిన్ ఒత్తిడికి పేలే గుణం ఉన్న గ్యాసు. ఆ కంపెనీ షెడ్లలోనే పేలుళ్లు జరిగినాయి.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. స్వీడన్ దేశపు గుస్టాఫ్ డాలెన్. సముద్రంలో ఓడలకు దారి చూపే లైట్‌హౌసులు చాలా వరకు అసిటిలిన్‌తో వెలిగేవి. పగలు తానే ఆరిపోయి, చీకటి పడగానే తానే వెలిగే కవాటం ఈయన కనిపెట్టినాడు. 1912లో అసిటిలిన్ సిలిండర్ల మీద పరీక్ష చేస్తుండగా పేలుడు జరిగి ఆయన రెండు కళ్లూ పోయినాయి. అదే సంవత్సరం ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చినారు. తీసుకోవడానికి ఆయన పోలేకపోయాడు, అన్న పోయి తీసుకున్నాడు. చూపు లేకుండానే ఆయన ఆ తరువాత ఇరవై ఐదేళ్లు కంపెనీ నడిపినాడు. సముద్రంలో వేలమందికి దారి చూపిన మనిషి ఇతడు. మా సైన్సు పుస్తకంలో ఈయన పేరు ఎందుకు లేదో నాకు తెలియదు.

మరి కరెంటు ఏమైంది? మనకు దగ్గరలోని కోలారు బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. గనికి కరెంటు వచ్చిన కాలంలో కార్లకు మాత్రం ఇంకా కార్బైడే. కారణం ఏమంటే, గనికి తీగ వేసి కరెంటు పంపవచ్చు, పరుగెత్తే బండికి తీగ వేయలేము. బ్యాటరీ పెడితే రెండు మూడు గంటల్లో అయిపోతుంది. పైగా అప్పటి బల్బుల్లో ఉండే కార్బన్ తీగ గతుకులకు తెగిపోయేది. 1898లో కొలంబియా అనే బ్యాటరీ కారుకు కరెంటు దీపాలు ఇచ్చినా అవి నిలబడలేదు. గట్టి టంగ్‌స్టన్ తీగ రావాల, బండి ఇంజనుతోనే తిరిగి బ్యాటరీని నింపే డైనమో రావాల. ఈ రెండూ కుదిరినాక 1912లో కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ బృందం స్టార్టరు, డైనమో, లైట్లు కలిపి ఒకే ఏర్పాటుగా పెట్టింది. మరుసటి సంవత్సరం జర్మనీలో బాష్ కంపెనీ కూడా ఇలాంటి సెట్టు అమ్మింది. పదేళ్లలో కార్బైడు దీపం కార్ల నుంచి మాయమైంది.

ఇంగ్లండులో ఈ పని చేసిన కంపెనీ లూకాస్. జోసెఫ్ లూకాస్ అనే ఆయన బర్మింగ్‌హామ్ వీధుల్లో తోపుడు బండి మీద కిరసనాయిలు అమ్మేవాడు. తరువాత ఓడల దీపాలు, సైకిలు దీపాలు చేసినాడు. ఆయన కంపెనీ పెరిగి పెరిగి చాలా ఇంగ్లీషు కార్లకు లైట్లు, డైనమోలు ఇచ్చింది. లూకాస్ సామాన్ల మీద తెల్లదొరల దేశంలో ఒక హాస్యం ఉంది: లూకాస్‌ను "చీకటి యువరాజు" అని పిలిచేవాళ్లట. ఆ కంపెనీయే మన టీవీఎస్ వాళ్లతో కలిసి 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ పెట్టింది. మన హోసూరులో అశోక్ లేలాండు, టీవీఎస్ ఫ్యాక్టరీలకు పనికి పోయే తల్లిదండ్రులున్న పిల్లలు మా తరగతిలోనే సగం మంది ఉన్నారు. బర్మింగ్‌హామ్ తోపుడు బండి కథ మనకు అంత దూరం కాదు.

లైటు పెద్దదైంది. అప్పుడు ఇంకో ఆపద వచ్చింది. నాకు దారి బాగా కనిపిస్తే ఎదురుగా వచ్చేవాడికి ఏమీ కనపడదు. దీనికోసం 1920ల నడుమ ఒకే బల్బులో రెండు తీగలు పెట్టినారు. ఒక తీగ అద్దం సరైన కేంద్రంలో ఉండి వెలుతురును దూరం కొడుతుంది, ఇంకోటి కాస్త జరిగి ఉండి వెలుతురును కిందికి దించుతుంది. మన డ్రైవర్లు "బ్రైటు, డిమ్ము" అనేది ఈ రెండు తీగలనే. పాత లారీల్లో డిమ్మరు స్విచ్చు ఎడమ కాలి కింద ఉండేదని మా నాయన చెప్పినారు.

వెలుతురు లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండు 1939 సెప్టెంబరులో చూసింది. యుద్ధం మొదలై, విమానాలకు ఊర్లు కనపడకూడదని వీధి దీపాలు ఆర్పేసి, కార్ల హెడ్‌లైట్లకు చీలికలున్న తొడుగులు వేసినారు. 1941లో ఆ దేశపు రోడ్ల మీద చనిపోయినవాళ్లు 9 వేలు దాటినారు. పెట్రోలు రేషను ఉండి, కార్లు తక్కువ తిరిగిన రోజుల్లో ఇంతమంది! మన దేశంలో కూడా 1965, 1971 యుద్ధాల్లో బ్లాకవుటు పెట్టి హెడ్‌లైట్ల పై సగానికి నల్లరంగు పూయించినారు. యుద్ధం అయిపోయినాక కూడా చాలా ఏళ్లు లారీల మీద ఆ నల్లరంగు మిగిలే ఉండింది, ఎదుటివాడి కంటికి కొట్టకుండా అదే ఉపయోగపడింది.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అదనపు లైట్ల వైరింగు వల్ల ఒక గెలుపు పోయిన కథ.

ఐరోపాలో మాంటీ కార్లో ర్యాలీ అని ఒక పోటీ ఉంది. జనవరి నెలలో, ఆల్ప్స్ కొండల మీద, మంచులో, రాత్రిపూట కార్లు నడపాల. మన తొప్పూరు ఘాటు మీద మంచు పరిచి, దీపాలు లేకుండా చేసి, వేగంగా పొమ్మన్నట్టు ఊహించుకోండి. అందుకే ఆ పోటీ కార్ల ముందు నాలుగు, ఐదు అదనపు లైట్లు వరుసగా ఉంటాయి. ఫ్రాన్సు కంపెనీలైన మార్షల్, సిబియే, ఇంగ్లండు లూకాస్ పోటీ పడి ఈ లైట్లు చేసేవి. వీటిలో రెండు రకాలు. ఒకటి సన్నగా, దూరంగా కొట్టేది. ఇంకోటి మంచు లైటు, బంపరు కింద పెట్టేది, వెడల్పుగా, నేల బారుగా కొడుతుంది. పొగమంచులో ఎత్తు నుంచి లైటు కొడితే నీటి బిందువుల మీద పడి తిరిగి మన కంట్లోకే వస్తుంది. కింద నుంచి కొడితే పొగమంచు కింద జారిపోయి రోడ్డు కనిపిస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున మన దారిలో పోయినవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

ఆ కాలంలో కొత్తగా హాలోజెన్ బల్బు వచ్చింది. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు నల్లగా అంటుకుంటుంది. క్వార్ట్జు గాజులో కొంచెం అయోడిన్ ఆవిరి నింపితే, అది ఆ టంగ్‌స్టన్‌ను తిరిగి తీగ మీదికే చేరుస్తుంది. అందుకే తీగను ఇంకా ఎక్కువ వేడి చేయవచ్చు, వెలుతురు ఎక్కువ వస్తుంది. 1962లో ఐరోపా కార్లకు ఈ బల్బులు వచ్చినాయి. ఒకటే లోపం, అందులో ఒకే తీగ. బ్రైటు ఉంది, డిమ్ము లేదు.

1966 ర్యాలీకి ఇంగ్లండు మినీ కూపర్ కార్ల బృందం ఈ ఒంటి తీగ బల్బులను హెడ్‌లైట్లలో పెట్టింది. డిమ్ముకు ఏం చేసినారంటే, డిమ్ స్విచ్చు కొట్టగానే హెడ్‌లైట్లు ఆరి, ముందున్న మంచు లైట్లు వెలిగేలా వైరింగు మార్చినారు. మంచి ఉపాయమే. మొదటి, రెండవ, మూడవ స్థానాలు మూడూ మినీలకే వచ్చినాయి. టిమో మాకినెన్, రావునో ఆల్టోనెన్, పాడీ హాప్‌కిర్క్ నడిపిన కార్లు. అంతకుముందు రెండేళ్లూ గెలిచింది మినీలే. నిర్వాహకులు కార్లను గంటల తరబడి విప్పి చూసినారు. ఇంజను సరిగ్గానే ఉంది. చివరికి లైట్ల దగ్గర పట్టుకున్నారు. ఫ్యాక్టరీలో అమ్మే కారులో రెండు తీగల బల్బు ఉంది, పోటీ కారులో ఒంటి తీగ బల్బు ఉంది, కాబట్టి నియమం తప్పినారని మూడు కార్లనూ పోటీ నుంచి తీసేసినారు. నాలుగో స్థానంలో వచ్చిన రోజర్ క్లార్క్ ఫోర్డు కారునూ తీసేసినారు. ఐదో స్థానంలో ఉన్న సిట్రోయెన్ కారు గెలిచినట్టు ప్రకటించినారు. నడిపింది ఫిన్లాండు డ్రైవరు పౌలీ టోయివోనెన్. ఫ్రాన్సు కారును గెలిపించడానికే ఇలా చేసినారని ఇంగ్లీషు పత్రికలు మండిపడినాయి.

మా తరగతిలో ఈ కథ చెప్తే పెద్ద వాదన జరిగింది. సగంమంది అన్యాయం అన్నారు. నా అభిప్రాయం వేరు. బల్బు మారిస్తే కారు వేగం పెరగదు నిజమే, కానీ రాత్రి పోటీలో దూరం చూడగలిగినవాడే వేగంగా పోతాడు. నియమం రాసి ఉన్నప్పుడు చదువుకొని రావాల్సింది. అయితే నియమాలను పోటీకి కొంచెం ముందే మార్చినారనేది కూడా మరచిపోకూడదు. మరుసటి సంవత్సరం, 1967లో, ఆల్టోనెన్ మినీతోనే మళ్లీ వచ్చి గెలిచినాడు. రెండు తీగలున్న హాలోజెన్ బల్బు 1971లో వచ్చింది. ఇప్పుడు మన షాపుల్లో "హెచ్ ఫోర్" అని అడిగేది దానినే. అది ఐదేళ్లు ముందు వచ్చి ఉంటే ఈ గొడవే లేదు.

ఇక మన ఊరి వైరింగుకు వస్తాను. మా మేనమామ ఆటో ఎలక్ట్రీషియను, లైట్లు తగిలించడంలో మొదటి పని ఆయన దగ్గర చూసి నేర్చుకున్నాను. 55 వాట్ల బల్బులు రెండు అంటే 110 వాట్లు. జీపు, వ్యాను బ్యాటరీ 12 వోల్టులు. 110ని 12తో భాగిస్తే 9 ఆంపియర్ల పైన. పదో తరగతి భౌతికశాస్త్రం లెక్కే. ఇంత కరెంటును డ్యాష్‌బోర్డులో ఉన్న చిన్న స్విచ్చు గుండా పంపిస్తే స్విచ్చు కాలుతుంది. వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే దారిలోనే వోల్టేజి తగ్గిపోతుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. కొత్త బల్బులకు డబ్బు పెట్టి పాత లైటంత వెలుతురే వచ్చిందని కొందరు గొణుగుతుంటారు. తప్పు బల్బుది కాదు, వైరుది.

దీనికి మందు రిలే. చిన్న డబ్బా, లోపల ఒక విద్యుదయస్కాంతం, ఒక కాంటాక్టు. స్విచ్చు నుంచి చాలా కొంచెం కరెంటు పోయి అయస్కాంతాన్ని లేపుతుంది, అది కాంటాక్టును కలుపుతుంది, బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు లావు వైరు గుండా నేరుగా లైటుకు పోతుంది. ఇది కార్ల కోసం పుట్టిన వస్తువు కాదు. 1830లలో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ దీనిని చూపించినాడు, తరువాత టెలిగ్రాఫులో పనికి వచ్చింది. దూరం పోయి నీరసపడిన సంకేతాన్ని మధ్యలో ఒక రిలే అందుకొని, కొత్త బ్యాటరీతో ముందుకు పంపేది. ఆ పేరు కూడా ప్రయాణంలో అలసిన గుర్రాలను మార్చి కొత్తవి కట్టే పద్ధతి నుంచి వచ్చింది. మన తెలుగులో దానికి అచ్చమైన మాట ఉంది: అంచె. అంచెలంచెలుగా అంటాం కదా, అదే. మైసూరు రాజ్యంలో టపాకు పెట్టిన పేరు అదే. ఇప్పటికీ బెంగుళూరు పోతే పోస్టాఫీసు బోర్డు మీద "అంచె" అని కన్నడంలో చదవవచ్చు. రిలేకు తెలుగు మాట ఎవరైనా అడిగితే నేను అంచె అనే చెప్తాను.

రిలే కింద నాలుగు కాళ్లు ఉంటాయి, వాటి పక్కన 30, 85, 86, 87 అని అంకెలు. చాలా కంపెనీల రిలేల మీద ఇవే. ఇవి జర్మనీ ప్రమాణాల నుంచి వచ్చిన అంకెలు. 30 అంటే బ్యాటరీ ప్లస్సు. 87 లైటుకు పోతుంది. 86కు స్విచ్చు వైరు, 85కు ఎర్తు. మామ నాకు మొదట ఇదే నేర్పినాడు, "గుణింతాల మాదిరి నోటికి రావాల రా అల్లుడా" అని. బ్యాటరీకి, 30కి నడుమ ఫ్యూజు ఉండాల, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే. లైటు దగ్గర ఫ్యూజు పెడితే, నడుమ వైరు ఎక్కడైనా రాసుకొని ఛాసిస్‌కు తగిలినప్పుడు ఆ ఫ్యూజు ఏమీ చేయలేదు. వైరు ఎర్రగా కాలుతుంది. మా వీధిలో ఒకాయన వ్యాను ఇలాగే నిలబెట్టిన చోటనే కాలిపోయింది. ఫ్యూజు పెట్టలేదు. అది పది రూపాయల వస్తువు.

స్విచ్చు వైరును ఎక్కడ నుంచి తీసుకుంటాం అనేది ఇంకా ముఖ్యం. నేరుగా బ్యాటరీ నుంచి తీసుకుంటే అదనపు లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, డ్రైవరు డిమ్ము కొట్టినా ఆరవు. హెడ్‌లైటు బ్రైటు వైరు నుంచి తీసుకుంటే, డిమ్ము కొట్టగానే అదనపు లైట్లూ ఆరిపోతాయి. ఖర్చు ఒక్క పైసా తేడా లేదు. కానీ చాలా బండ్లకు మొదటి పద్ధతిలోనే చేసి పంపుతున్నారు, ఎందుకంటే డ్రైవర్లే అలా అడుగుతారు.

మా నాయన హోసూరు నుంచి సేలం వైపు రాత్రి లారీ నడుపుతారు. ఎదురుగా తెల్లటి ఎల్ఈడీ పట్టీలు పెట్టుకొని వచ్చే బండ్ల గురించి తిట్టని రోజు లేదు. కళ్లు మిరుమిట్లు కొట్టినాక రెండు సెకన్లు ఏమీ కనపడదంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. మా స్కూలు మైదానం అడ్డంగా దాటినంత దూరం, కళ్లు మూసుకొని. పోయిన చలికాలం మా ఊరి నుంచి టీవీఎస్ బండి మీద పాలు తీసుకొని పోయే ఒక తాత ఇలాంటి లైటు కంట్లో పడి రోడ్డు దిగిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ లైట్ల బండి ఆగలేదు. తాత ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు, పాలు మనవడు పోస్తున్నాడు. ఆ మనవడు మా స్కూలు మానేసినాడు.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో దీని గురించి స్పష్టంగా ఉంది. ముందుకు వెలిగే ఏ లైటైనా కిందికి వంచి ఉండాల, 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. ప్రత్యేక అనుమతి లేకుండా సర్చ్ లైటు లాంటివి ముందు పెట్టకూడదు. ఒకటిన్నర మీటరు అంటే మా తరగతి పిల్లల కంటి ఎత్తు.

దీనిని సరిచూడడానికి పెద్ద మిషను అక్కర్లేదు. బండిని గోడ దగ్గరికి తెచ్చి, లైట్ల నడుమ భాగం ఎదురుగా గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాల. తరువాత సమానమైన నేల మీద బండిని 25 అడుగులు వెనక్కి తీసుకోవాల. డిమ్ము వెలుతురు పై అంచు ఆ గుర్తు కన్నా కిందే ఉండాల, దాటితే లైటు బోల్టు వదులు చేసి వంచాల. సరుకు నింపిన లారీకైతే వెనక కుంగి ముందు లేస్తుంది కాబట్టి ఇంకొంచెం దించాల. పావుగంట పని. ఆ పావుగంటకు కూలి ఎవరూ ఇయ్యరు, అందుకే చాలా షెడ్లలో ఈ పని చేయరు. మా మామ మాత్రం షెడ్డు ఎదురుగోడకు సున్నం కొట్టించి పెట్టుకున్నాడు. గోడ నిండా సుద్ద గీతలే.